ఎత్తు ఎక్కితే వచ్చే గ్యాస్

హైదరాబాద్ పాతబస్తీలో దబీర్‌పురా ఫ్లైఓవర్ మీదికి బత్తాయిల తోపుడు బండి నెట్టుకొస్తున్న పెద్దాయన సగంలో ఆగాడు. చక్రం కింద రాయి పెట్టి, పిట్టగోడకు ఆనుకుని, పిడికిలితో రొమ్ము మధ్యన అదుముకున్నాడు. కాసేపటికి తేరుకుని రాయి తీశాడు. ఏమైంది చాచా అంటే, "గ్యాస్, బేటా. ఎక్కేటప్పుడే పడుతుంది, ఆగితే పోతుంది" అన్నాడు. రోగం పేరు తప్పు చెప్పాడు గానీ, లక్షణం మాత్రం డాక్టర్ చదువులో ఉన్నట్టే చెప్పాడు.

గ్యాస్‌కు ఎత్తూ పల్లం ఏం తెలుసు? శ్రమ పడితే వచ్చి, ఆగితే పోయే ఆ రొమ్ము బరువును యాంజైనా అంటారు. గుండెకు రక్తం మోసే నాళం సన్నబడింది, పని పెరిగినప్పుడు చాలినంత అందడం లేదు. పిడికిలితో చూపించే ఆ తీరుకు కూడా వైద్యంలో ఒక పేరుంది: లెవైన్ సైన్.

అందరికీ ఇంత స్పష్టంగా రాదు. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పే తెలియకపోవచ్చు. ఆడవాళ్లలో చాలాసార్లు ఆయాసం, వికారం, దవడలోనో వీపులోనో లాగుడు, ఎన్నడూ లేని నీరసం. వంటింట్లో అమ్మ చెమటలు పట్టి కూర్చుంటే ఉక్కపోత అనుకుంటాం.

ఆరోగ్యంగా కనిపించేవాళ్లకూ రాదని లేదు. అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 2022 ఫిబ్రవరి 21న హైదరాబాద్‌లో గుండెపోటుతో పోయారు. 50 ఏళ్లు, వ్యాయామం చేసే మనిషి. మరుసటి ఏడు మార్చిలో తెలంగాణ ప్రభుత్వం, ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే సీపీఆర్‌లో శిక్షణ మొదలుపెట్టింది. మంచిదే, కానీ అది కుప్పకూలిన మనిషికి. నా గొడవంతా కూలడానికి ముందు గడిచిపోయే వారాల గురించి.

ఊరికే కూర్చున్నా బరువు పడితే, పది నిమిషాలకీ తగ్గకపోతే, చెమట పడితే 108కి ఫోన్ చేయండి. మన గల్లీల్లోకి అంబులెన్స్ రాదంటారా, పెద్ద రోడ్డు మీద ఒక పిల్లాణ్ని నిలబెట్టండి. రోగిని బైక్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టడం మాత్రం వద్దు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గరే. మొదటి ఈసీజీ బాగుందని లేచి రాకండి. కొంతసేపటికి మళ్లీ తీస్తారు, ట్రోపోనిన్ అనే రక్త పరీక్ష చేస్తారు.

చాచాను డాక్టర్ దగ్గరికి రమ్మన్నాను. బత్తాయిలు అమ్ముడుపోనీ అన్నాడు. మీ ఇంట్లో ఎవరైనా మెట్లెక్కితే గ్యాస్ పడుతోందంటే, సోడా తెచ్చివ్వకండి. ఈ రోజే డాక్టర్‌కు చూపించండి.