పరభాషావిద్య – మాతృభాష

పరభాషలో విద్య నేర్చిన బాలుడు మాతృభాషకు దూరమగునని పెద్దలు కొందరు భయపడుదురు. ఆ భయము నిష్కారణము కాదు. అయినను అట్లు జరుగక తప్పదనుట సరికాదని మా యభిప్రాయము. అమెరికా వర్తకుడగు క్రిస్టఫర్ రాబర్టు ద్రవ్యసాహాయ్యముతో సైరస్ హామ్లిన్ అను మిషనరీ 1863లో ఇస్తాంబులున రాబర్టు కళాశాలను స్థాపించెను. అచ్చట అమెరికా పద్ధతిని ఆంగ్లమున బోధింతురు. తుర్కీ సాహిత్యమును మాత్రము తుర్కీభాషలోనే చెప్పుదురు. అందు చదివిన ఓర్హాన్ పాముక్ స్వభాషలోనే నవలలు రచించి, 2006లో నోబెలు బహుమానము నందెను. కావున లోపము పరభాషది కాదు. నాలుగు ఆంగ్లపుముక్కలు రాగానే తెలుగు పుస్తకమును మూలబెట్టు మన యలవాటుది. మిషను పాఠశాలలో చదువు మనము ఆంగ్లమును శ్రద్ధగా నేర్చుకొందము. ఇంటికి జాబు తెలుగుననే వ్రాయుదము.