పెడల్ పట్టేస్తే నిమ్మకాయ కాదు, కేబుల్ చూడండి



పోయిన ఉగాది ఊరేగింపు సంగతి మళ్లీ తవ్వుతున్నానని కొందరికి కోపం రావచ్చు. రానీండి. పాత కార్ల వరుసలో ఆ ఎర్ర ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు, కాలు తీసినా వేగం తగ్గక, ముందు బండికి జానెడు దూరంలో ఆగింది. ఆ ముందు బండి వెనక సీట్లో ఉన్నది మన పిల్లలే. తమ్ముడు కంగారుపడకుండా క్లచ్ తొక్కి, తాళం తిప్పి ఆపాడు కాబట్టి సరిపోయింది. మర్నాడు మన గ్రూపులో ఏం రాశారు? "దిష్టి తగిలింది." "నిమ్మకాయ కట్టలేదు." "పాత బండంటే అంతేలే." ఇంకొకాయన, "స్ప్రే కొట్టు, సరిపోద్ది."

ఆ చివరి మాటతోనే నా గొడవ. నిమ్మకాయ వల్ల కనీసం నష్టం లేదు. స్ప్రే కొడితే పెడల్ రెండు రోజులు తేలిగ్గా కదులుతుంది, బాగైందనుకుంటాం. ఆ పల్చటి నూనె ఆరిపోయాక దుమ్ము చేరి మళ్లీ పట్టేస్తుంది. అదీ ఎప్పుడు? మనం నమ్మకంగా రోడ్డెక్కాక.

ఎం.జి.బి. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులో తయారైన బండి. యాక్సిలరేటర్‌కు కంప్యూటరు లేదు, సెన్సారు లేదు. ఒక పెడల్, ఒక తీగ, దాని చివర ఎస్.యు. కార్బురేటర్లు, వాటిని వెనక్కి లాగే స్ప్రింగులు. ఇంత సూటిగా ఉన్నదాన్ని వెతకడానికి కూడా బద్ధకమేనా? ఇంజను ఆపి, కార్బురేటర్ దగ్గర కేబుల్ విప్పండి. లింకేజీని చేత్తో తిప్పి వదలండి. ఠక్కున మూసుకుంటే తప్పు కేబుల్లోనో పెడల్ దగ్గరో ఉన్నట్టు. మూసుకోకపోతే స్ప్రింగులూ స్పిండిలూ చూడాలి. పావుగంట పని. కొత్తగా వేయించిన మందపాటి కార్పెట్ పెడల్‌కు అడ్డుతోందేమో అదీ చూడండి. నవ్వకండి, అలాంటివీ చూశాను.

కేబుల్లో ఒక్క పోగు తెగినా తొడుగులో గుచ్చుకుని ఆగుతుంది. దానికి నూనె వైద్యం కాదు, కేబుల్ మార్చాలి. మార్చినా మళ్లీ పోతోందా? ఇక్కడే అనుభవం ఉన్న మెకానిక్కులు కూడా బోల్తా పడతారు. ఇంజను కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. అందుకే కరెంటు కోసం ఇంజనుకూ బాడీకీ మధ్య ఒక ఎర్త్ పట్టీ ఉంటుంది. అది తెగినా, తుప్పు పట్టినా, స్టార్టర్ లాగే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. దొరికే దారి యాక్సిలరేటర్ కేబులూ చోక్ కేబులూ. తీగ కాలి, తొడుగు లోపలి పూత కరిగి, తీగను పట్టుకుంటుంది. తమ్ముడి బండిలో నేను చూసింది అదే. అంతకుముందు రెండు కేబుళ్లు మార్చారట, ఎవ్వరూ పట్టీ వైపు చూడలేదు!

ప్రతి సభలోనూ జి.డి. నాయుడు గారి ఫొటోకు దండ వేస్తాం. హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో మోటార్ సైకిల్ కొని, దాన్ని మొత్తం విప్పి మళ్లీ బిగించిన మనిషి ఆయన. ఆయనకు దండ వేసి, మనం మాత్రం విప్పకుండా స్ప్రే కొడదామా?

"ఇంత భయపెడితే ఎవరూ బండ్లు తీసుకురారు" అని ఒక పెద్దాయన అన్నారు. రాకపోతే రాకపోనీ అయ్యా. పది బండ్ల ఊరేగింపు ఆరు బండ్లతో జరిగితే ఎవరికీ తల కొట్టేసినట్టుండదు.

బండి నడిపేవాళ్లకు ఒక్క మాట. పెడల్ పట్టేస్తే క్లచ్ తొక్కండి, న్యూట్రల్ చేయండి, బ్రేకు ఒక్కసారి గట్టిగా తొక్కి అలాగే పట్టండి. పదే పదే కొట్టకండి. సర్వో ఉన్న బండిలో థ్రాటిల్ తెరిచి ఉండగా వాక్యూమ్ నిండదు, రెండు మూడు తొక్కులకే బ్రేకు రాయిలా అవుతుంది. తాళం ఇంజను ఆగేంతవరకే తిప్పండి. బయటికి లాగేస్తే, స్టీరింగ్ లాక్ ఉన్న బండిలో స్టీరింగ్ బిగిసిపోతుంది.

కమిటీని నేను అడిగేది ఒక్కటే. వచ్చే ఉగాదికి ముందు రోజు సాయంత్రం ప్రతి బండి పెడల్ తొక్కి వదిలి చూడాలి. ఠక్కున పైకి రాని బండికి వరుసలో చోటు లేదు, అది అధ్యక్షుల వారిదైనా సరే. టార్చి లైటు, స్పానర్లు నేను తెస్తాను. ఎర్త్ పట్టీలు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోండి.