ఇప్పపువ్వుకు తేమయే శత్రువు

పాతబడిన కొద్దీ మధువు రుచి హెచ్చునన్న మాట అన్నింటికీ వర్తించదు. ద్రాక్షాసవం సీసాలో చేరిన పిమ్మట కూడా మారుతూ, కొంతకాలం మెరుగై, ఆ తరువాత క్షీణిస్తుంది. బట్టీ పట్టిన ఇప్పసారా గాజుసీసాలో ఎన్నేళ్ళున్నా ఇంచుమించు మారదు. చెడేది సారా కాదు, పువ్వు.

రాయపూర్ చెంత సిల్తారా ఇనుము కార్ఖానాలకు పేరుపడింది. ఛత్తీస్‌గఢ్ అడవి పల్లెలకు మాత్రం ఇప్పపువ్వే ఆధారం. మార్చి, ఏప్రిల్ నెలలలో వేకువన రాలే ఈ పువ్వులో అధికభాగం నీరే. ఎండిన పువ్వులో సగానికి పైగా చక్కెరలుంటాయి. అవి గాలిలోని తేమను పీల్చుకొంటాయి. అందుచేత సరిగా దాచని పువ్వు వానాకాలంలో మెత్తబడి, నల్లబడి, బూజు పడుతుంది, పురుగు చేరుతుంది.

ఈ భయం చేతనే ఏరినవారు వేసవిలోనే చౌకగా అమ్ముకొంటారు. గిడ్డంగి గలవారు ఆగి, ధర పెరిగాక అమ్ముతారు. లాభమంతా నిల్వలోనే ఉన్నది.

నిల్వ విధానం కష్టమైనది కాదు. చెట్టు క్రింద వల కట్టి, మట్టి అంటకుండా పువ్వును పట్టాలి. వ్రేళ్ళకు జిగురు అంటనంతవరకు ఎండబెట్టాలి. పూర్తిగా చల్లారిన తరువాతనే గాలి చొరని డబ్బాలకెత్తాలి. వెచ్చగా ఉండగా మూస్తే లోపలే చెమ్మ పడుతుంది. డబ్బాలను నేలకు తగలకుండా, పొడిగదిలో బల్లపై ఉంచాలి.

శుభ్రమైన పువ్వుకు గిరాకీ లేకపోలేదు. 2021లో కోర్బా ప్రాంతపు ఎండు ఇప్పపువ్వు ఓడపై ఫ్రాన్సుకు ఎగుమతి అయింది. తెలంగాణలోని ఉట్నూరులో ఆదివాసీ మహిళలు దానితో లడ్డూలు చేసి అమ్ముతున్నారు.

ఏరిన చేతికే ధర దక్కాలంటే, ముందు ఆ ఇంట తేమ చొరని డబ్బా ఒకటి ఉండాలి.