అలంకారాలకు మారుపేర్లు చాలునా?

ఉర్దూ, తెలుగు సాహిత్యాలను ఒకే ప్రాంగణంలో అభ్యసించే విద్యార్థులకు ఒక సులభమార్గం అలవాటైనది. ఉపమ అంటే తష్బీహ్, రూపకమంటే ఇస్తిఆరా, శ్లేష అంటే ఈహామ్, అతిశయోక్తి అంటే ముబాలిగా. ఈ జంటపదాల పట్టికను కంఠస్థం చేసి పరీక్ష గట్టెక్కుతున్నారు. మార్కులు వస్తున్నవి, కవిత్వం మాత్రం చేజారుతున్నదని నా అభిప్రాయం.

ఉపమ విషయంలో పేచీ లేదు. పోల్చబడేది, పోలికగా తెచ్చినది, సమానధర్మం, పోలికను తెలిపే పదం అనే నాలుగు అంగాలను ఉభయ శాస్త్రాలూ అంగీకరించినవి. చిక్కంతా రూపకం వద్దనే. "ఈ వీరుడు సింహము" అన్నామనుకొందాం. ఉపమేయం, ఉపమానం రెండూ కనిపిస్తున్నవి, వాటికి అభేదం చెప్పబడినది. కనుక మన లాక్షణికునికి ఇది రూపకం. అరబీ, ఫారసీ సంప్రదాయాన్ని అనుసరించే ఉర్దూ పండితునికి ఇది ఇంకా తష్బీహే. పోలికపదం లోపించిన తష్బీహె బలీగ్. ఇస్తిఆరా కావలెనంటే వీరుని ప్రసక్తి లేకుండా "సింహము రణరంగమున దిగినది" అనవలె. ఇస్తిఆరా అనగా అరువు తెచ్చుకొనుట. వీరునికి సింహం పేరు అరువు వచ్చినది, అసలు పేరు మరుగైనది. ఉపమానం ఉపమేయాన్ని మ్రింగివేసిన ఈ స్థితినే అప్పయ్య దీక్షితుల కువలయానందం రూపకాతిశయోక్తి అన్నది. అంటే ఇస్తిఆరాకు సరిజోడు రూపకం కాదు, అతిశయోక్తిలోని ఒక భేదం! ముబాలిగా అంటే గోరంతను కొండంత చేయుట. అతిశయోక్తి అంతమాత్రమే కాదని కూడా దీనివల్ల తేలుతున్నది. పట్టికలో ఒక గడి కదిలితే రెండవదీ కదలక తప్పలేదు.

ఈహామ్ సంగతీ అంతే. శ్లేషలో రెండర్థాలు కౌగిలించుకొని నిలుస్తవి, రెండూ కవికి కావలసినవే. ఈహామ్‌లో దగ్గరి అర్థం పాఠకుని భ్రమింపజేస్తుంది, కవి ఉద్దేశించినది దూరపు అర్థం. 18వ శతాబ్ది పూర్వార్ధంలో ఢిల్లీ కవులు దీనిపై ఎంత మోజుపడ్డారో ఉర్దూ విద్యార్థులకు తెలిసినదే.

ఇక ప్రాస. మనది పాదంలో రెండవ అక్షరం, ఖాఫియా పాదాంతమున రదీఫ్‌కు ముందు నిలిచేది. తెలుగున గజల్ చెప్పిన దాశరథి, నారాయణరెడ్డిగార్లతో ఖాఫియా, రదీఫ్ అనే మాటలు కూడా తెలుగులోనికి నడచివచ్చినవి. రదీఫ్ అంటే ఒకే వాహనంపై వెనుక కూర్చున్నవాడు. ఇంత చక్కని మాటను మార్చి ఏమి బాగుపడతాము?

ఉభయ శాఖల అధ్యాపకులు నెలకొక పూట కలిసి, ఒకే వాక్యాన్ని నల్లబల్లపై వ్రాసి, ఇరుపక్షాల విద్యార్థులచేత పేరు పెట్టించవలెనని నా సూచన. పేర్లు కలియని రోజుననే పాఠం జరుగుతుంది.