టికెట్టు దొరకని కచేరీ, టికెట్టే లేని కచేరీ

డిసెంబరు వస్తే మా ఆఫీసులో జనం రెండు రకాలుగా విడిపోతారు. మిగిలిపోయిన లీవులు ఎలా ఖర్చుపెట్టాలా అని చూసేవాళ్ళు ఒక రకం. ఇయర్ ఎండ్ రిలీజు పుణ్యమా అని ఉన్న లీవులు కూడా నీళ్ళొదులుకునేవాళ్ళు రెండో రకం. నేను నాలుగేళ్ళు రెండో రకంలోనే ఉన్నాను. ఊరంతా సంగీతోత్సవం జరుగుతుంటే షోలింగనల్లూరులో కూర్చుని బగ్గులు ఏరుకునే బాపతు అన్నమాట.

పోయిన డిసెంబరుకి ముందు అమ్మ ఫోన్లో ఒక మాట అంది. "ఒరే, నాలుగేళ్ళ నుంచి చెన్నైలో ఉంటున్నావు. ఒక్క కచేరీకైనా వెళ్ళావురా?"

అమ్మది విజయనగరం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాలుగా పనిచేసిన, ఘంటసాల గారు చదువుకున్న సంగీత కళాశాల ఉన్న ఊరు. ఆ ఊళ్ళో పుట్టినందుకు అమ్మ కూడా వీధి చివర మాస్టారి దగ్గర వర్ణాల దాకా నేర్చుకుంది. తర్వాత పెళ్ళి, నేను, చెల్లి, వంటిల్లు. పాట అక్కడితో సరి. మద్రాసులో డిసెంబరు కచేరీలు చూడాలని చిన్నప్పటినుంచీ కోరికట. ఆ సంగతి నాకు ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాక తెలిసింది. సిగ్గేసింది.

"ఈసారి నువ్వొచ్చెయ్. పెద్ద కచేరీకి తీసికెళ్తా" అని మాటిచ్చేశాను. అదెంత పనో తెలియక :)

తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. వాటితోపాటు ఒక సంగీత సమ్మేళనం పెట్టారు. ఆ ఊపులో 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. ఆ డిసెంబరు అలవాటు ఇప్పటికీ పోలేదు. పోకపోగా ఒక సభ కాస్తా పదులకొద్దీ సభలయ్యాయి. డిసెంబరు నెల మధ్య నుంచి జనవరి మొదటి రోజుదాకా మైలాపూరు, ఆళ్వారుపేట, టి.నగర్ అంతా ఇదే సందడి. పెద్ద సభలో ఒక రోజు అంటే పొద్దున ప్రసంగాలు, మధ్యాహ్నం కుర్రవాళ్ళ కచేరీలు, నాలుగింటికి కొంచెం పేరొచ్చినవాళ్ళు, సాయంత్రం పెద్ద పేర్లు. ఇంకో ముఖ్యమైన సంగతి - అక్కడ పాడేవాటిలో సగానికి సగం తెలుగు పాటలే. త్యాగరాజస్వామి పుణ్యం. మన పాట వినడానికి మనం పక్క రాష్ట్రానికి వెళ్ళాలా అని నిష్ఠూరాలాడేవాళ్ళున్నారు. వాళ్ళు ఇక్కడ కాపాడుకున్నారు కాబట్టే వెళ్ళి వినగలుగుతున్నాం అని నేనంటాను.

సరే, టికెట్ల సంగతి. ఊళ్ళో పెద్ద సభల్లో ఒకటి (పేరెందుకు లెండి) సాయంత్రం కచేరీల టికెట్లు ఆన్‌లైన్లో పెట్టింది. పొద్దున పదింటికి మొదలు. నేను తొమ్మిదిన్నరకే లాప్‌టాప్, ఫోను, మా రూమ్మేటు లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను. స్టాండప్ మీటింగ్ ఎగ్గొట్టాను కూడా. పది కొట్టగానే రెండు సీట్లు పట్టాను. డబ్బు కట్టే పేజీ వచ్చింది. ఓటీపీ వచ్చేసరికి సెషన్ అయిపోయిందన్నాడు. రెండోసారి సీట్లు వెనక్కి పోయాయి. మూడోసారి సీట్లే పోయాయి. పది గంటల పన్నెండు నిమిషాలకి అంతా ఖాళీ.

నా ఉద్యోగమే ఇలాంటి సిస్టంలు రాయడం కాబట్టి వాళ్ళని తిట్టుకోలేకపోయాను. ఒకే సీటుని వందమంది ఒకేసారి నొక్కితే ఒకడికి తాళం వేసి ఉంచాలి, వాడు డబ్బు కట్టకపోతే కొన్ని నిమిషాల్లో తాళం తీసేయాలి. నేను రాసినా అదే రాస్తాను. పైగా హాల్లో ఉన్న సీట్లన్నీ అమ్మకానికి రావు. సభ్యులకి కొన్ని, దాతలకి కొన్ని, స్పాన్సర్లకి కొన్ని, ఉత్సవం మొత్తానికి సీజన్ టికెట్టు కొనుక్కున్నవాళ్ళకి కొన్ని. వాళ్ళ డబ్బుతోనే కదా సభ నడిచేది! అందులో అన్యాయం ఏమీ లేదు. మిగిలిన నాలుగు సీట్ల కోసం మనం వేళ్ళతో పరుగుపందెం పెట్టుకుంటాం, అంతే.

అసలు కథ ఇక్కడినుంచి మొదలైంది. నాకు పంతం పట్టుకుంది. ఆఫీసులో తమిళ కొలీగ్స్ అందరినీ అడిగాను. ఒకతను వాళ్ళ బాబాయి కంపెనీకి పాసులొస్తాయి, చూస్తానన్నాడు. ఇంకెవరో మూడు రెట్ల ధరకి రెండు టికెట్లు ఇప్పిస్తామన్నారు. నేను ఇంచుమించు డబ్బు పంపేసేవాణ్ణే. ఆ రాత్రి అమ్మ అడిగింది - "ఆవిడ పాట నువ్వు విన్నావురా? ఎలా ఉంటుంది?"

వినలేదు. నిజం చెప్తున్నా, ఒక్క గంట కూడా వినలేదు. అందరూ ఎగబడుతున్నారు కాబట్టి నేనూ ఎగబడ్డాను. టికెట్టు దొరుకుతుందా అన్న ప్రశ్న, అసలు వెళ్ళాలా అన్న ప్రశ్నని మింగేసింది. 2024 సెప్టెంబరులో కోల్డ్‌ప్లే ముంబయి కచేరీలకి లక్షలమంది ఆన్‌లైన్ క్యూలో నిలబడినప్పుడు మా టీమ్ కుర్రాడొకడు రోజంతా స్క్రీన్ చూస్తూ కూర్చున్నాడు. వాడికి ఆ బృందం పాటలు రెండో మూడో తెలుసు. అప్పుడు వాణ్ణి చూసి నవ్వాను. త్యాగరాజ కృతులు అనేసరికి నాకు అదేదో వేరే రకం వెర్రి అనిపించింది గానీ, వెర్రి ఒక్కటే.

మూడు రెట్ల ధర టికెట్లు వద్దనుకున్నాను. అలా కొనేవాళ్ళున్నంత కాలం అలా అమ్మేవాళ్ళుంటారు. కానీ అమ్మకి రైలు టికెట్టు తీసేశాను. ఇప్పుడేం చెయ్యాలి? అదే అమ్మతో అంటే, "టికెట్టు లేని కచేరీలు లేవేంటిరా అక్కడ?" అంది.

ఉన్నాయి! ఎన్నో ఉన్నాయి. మధ్యాహ్నం కచేరీలకి చాలా సభల్లో టికెట్టు ఉండదు. నేరుగా వెళ్ళి కూర్చోవడమే. ఇంత వెతికిన నాకు ఆ సంగతి కంటపడలేదు, ఎందుకంటే నేను 'కొనండి' అన్న బటన్ కోసమే చూశాను.

సగం రోజు లీవు పెట్టి అమ్మని తీసుకెళ్ళాను. రెండింటి కచేరీ. హాల్లో మహా ఉంటే నలభైమంది. అందులో పదిమంది క్యాంటీన్లో భోంచేసి ఏసీలో కునుకు తీస్తున్నారు. పాడే అమ్మాయికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. ముఖారిలో ఒక త్యాగరాజ కృతి ఎత్తుకుంది. పక్కకి చూస్తే అమ్మ ఒళ్ళో చెయ్యి తాళం వేస్తోంది. ఇరవై ఎనిమిదేళ్ళలో అమ్మ తాళం వెయ్యడం నేను చూడలేదు. రేడియోలో పాట వస్తున్నా ఆ చేతిలో ఎప్పుడూ గరిటో చీపురో ఉండేది.

కచేరీ అయ్యాక అమ్మ ఆగమన్నా ఆగకుండా వెళ్ళి ఆ అమ్మాయిని పలకరించింది. "మాటలు ఎంత చక్కగా విరిచి పాడావమ్మా" అంది. ఆ అమ్మాయికి తెలుగు రాదు. నోటుపుస్తకంలో సాహిత్యం తమిళ లిపిలో రాసుకుని, ప్రతి మాట కిందా అర్థం రాసుకుంది. ఒకచోట ప్రశ్నార్థకం పెట్టుకుంది. ఆ మాట అమ్మని అడిగింది. అమ్మ తెలుగులో, ఆ అమ్మాయి ఇంగ్లీషులో, మధ్యలో నేను అనువాదకుణ్ణి. మెట్ల మీద నిలబడి పావుగంట మాట్లాడుకున్నారు. ఏళ్ళ తరబడి పాట వదిలేసిన మనిషి ఆ పావుగంట విద్వాంసురాలిలా కనిపించింది నాకు.

ఇంతలో కొలీగ్ ఫోను. ఆ పెద్ద కచేరీకే రెండు పాసులు దొరికాయట! అమ్మ "నాకిది చాలురా, నువ్వెళ్ళిరా" అని నా రూముకి వచ్చి పడుకుంది. నేను వెళ్ళాను. అబద్ధం చెప్పను, కచేరీ అద్భుతంగా ఉంది. ఆ పేరు ఊరికే రాలేదు. కానీ పాసులిచ్చిన ముందు వరసల్లో నా చుట్టూ ఎనిమిది సీట్లు ఖాళీ. బయట కౌంటరు దగ్గర టికెట్టు లేనివాళ్ళు నిలబడే ఉన్నారు. మిగిలిన పాసు లోపలికి వెళ్ళేముందే అక్కడున్న ఒక పెద్దాయన చేతిలో పెట్టాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఖాళీలు తొమ్మిదయ్యేవి. తని ఆవర్తనం మొదలవగానే ఇంకొంతమంది కాఫీకి లేచారు. మృదంగం వాయించేవాడు మనిషి కాదా ఏంటి?

ఇక నేను చెప్పదలచుకున్నది. సభలవాళ్ళకి ఒకటి, మనకి ఒకటి.

సభలవాళ్ళకి: సీజన్ టికెట్లు, పాసులు ఉన్నవాళ్ళు ఆ రోజు రాలేకపోతే మధ్యాహ్నంలోగా ఒక మెసేజి పెట్టి సీటు వదులుకునే వీలు కల్పించండి. ఆ సీటు సాయంత్రం కౌంటర్లో అమ్ముకోండి. ఇదేం రాకెట్ సైన్సు కాదు, ఒక చిన్న ప్రోగ్రాము. నన్నడిగితే రెండు వారాంతాల్లో ఊరికే రాసిపెడతాను. అలాగే మధ్యాహ్నం కచేరీకి వంద రూపాయల టికెట్టు పెట్టి, ఆ డబ్బు పాడినవాళ్ళకీ వాయించినవాళ్ళకీ ఇవ్వండి. ఉచితం అంటే జనం ఎక్కువ వస్తారనుకుంటాం. ఉచితం కాబట్టే దాన్ని లెక్కలోకి తీసుకోనివాళ్ళున్నారు, నాలాగా.

మనకి: టైం లేదనకండి. శ్రీపాద పినాకపాణి గారు కర్నూలు మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పే డాక్టరు. డాక్టరు ఉద్యోగం చేస్తూనే నేదునూరి, వోలేటి లాంటివాళ్ళకి సంగీతం చెప్పారు, తర్వాత 1983లో సంగీత కళానిధి అందుకున్నారు. మన కోడ్ రివ్యూ ఒక పూట ఆగితే కొంపలేం మునగవు. ముందు కళాకారుల పాట ఓ గంట వినండి. నచ్చితే టికెట్టు కోసం కుస్తీ పట్టండి, తప్పులేదు. దొరక్కపోతే ఆ సాయంత్రం పోతుంది, సంగీతం పోదు.

ఈ డిసెంబరుకి అమ్మ మళ్ళీ వస్తానంది. ఆ అమ్మాయి మళ్ళీ ఎక్కడ పాడుతోందో కనుక్కోమంది. కనుక్కోవాలి. పదింటికి మూడు స్క్రీన్ల ముందు కూర్చునే పని మాత్రం లేదు. మధ్యాహ్నం రెండింటికి వెళ్తాం. మీరూ రండి, కావలసినన్ని సీట్లున్నాయి. మృదంగం మొదలయ్యాక మాత్రం కాఫీకి లేవకండి. క్యాంటీన్ ఎక్కడికీ పారిపోదు :)