వేట ఖర్చు ఎవరి ఖాతాలో?

వన్యమృగాన్ని కాపాడాలంటే ముందు దానికి ధర కట్టాలనే వాదన ఒకటి ఈ మధ్య చదువుకున్నవాళ్లలో బాగా వినిపిస్తున్నది. ధర లేనిదాన్ని ఎవడూ కాపాడడని దీని మూలసూత్రం. అమెరికాలోని టెక్సాస్‌లోనూ దక్షిణాఫ్రికాలోనూ ప్రైవేటు భూములకు ఎత్తయిన కంచెలు వేసి, లోపల జింకలను పెంచి, డబ్బిచ్చినవాని చేత కాల్పిస్తున్నారు. ఆ డబ్బుతోనే మళ్లీ జింకలు పెరుగుతున్నాయి. కనుక మన చేవెళ్ల, మొయినాబాదు వైపు గోడలు కట్టుకున్న ఫారం హౌసులకు కూడా అటువంటి అనుమతి ఇస్తే కృష్ణజింకకు మేలు, రైతుకు మేలు, ప్రభుత్వానికి ఆదాయం అంటున్నారు.

నేను ఈ ప్రాంతంలో కాలేజీ విద్యార్థులకు తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. అర్థశాస్త్రం నా శాస్త్రం కాదు. అయినా అర్థశాస్త్రం చదివిన మిత్రులే స్టాఫు రూములో ఈ మాట అంటూ ఉంటే, విద్యార్థులు దాన్ని పరమసత్యంగా రాసుకుంటూ ఉంటే, జవాబు చెప్పక తప్పదు. నేను చెప్పదలచిన విషయం ఒక్కటే. వేటకు ఇవాళ కొత్తగా ధర కట్టనక్కరలేదు. వేటకు ఎప్పుడూ ధర ఉన్నది. ఆ ధర చెల్లించేవాడు ఒకడు, కొమ్ములు గోడకు తగిలించుకునేవాడు ఇంకొకడు. ఈ సంగతిని దాచిపెట్టి ఎంత లెక్క వేసినా అది దొంగలెక్కే అవుతుంది.

ముందు మన చరిత్రనే తీసుకుందాం. హైదరాబాదు నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా జిల్లా నిజాము సొంత ఆస్తి, అనగా సర్ఫేఖాస్. 1949లో సర్ఫేఖాస్ ప్రభుత్వపరం అయ్యేదాకా అక్కడి శిస్తు నేరుగా ప్రభువుగారి ఖజానాకు పోయేది. నగరం చుట్టుపక్కల బయళ్లు, గుట్టలు ఆ ప్రభువులకు షికారు భూములు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ (పాలన 1869-1911) పులులవేటకు పేరుపడ్డవాడు. 1893 జనవరిలో ఆస్ట్రియా రాజకుటుంబీకుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ అతిథిగా వచ్చి ఈ రాజ్యంలో వేటాడి వెళ్లాడు. కళ్లకు గంతలు కట్టిన చీతాలను బండ్లమీద తెచ్చి కృష్ణజింకల మీదికి వదలడం ఆనాటి సంస్థానాధీశుల సరదా.

ఆ సరదాకు ప్రభువు ఎంత ఖర్చుపెట్టాడో లెక్కతీస్తే తుపాకులు, గుర్రాలు, విందులు కనబడతాయి. కనబడనిది మరొకటి ఉన్నది. డప్పులు కొట్టి మృగాన్ని తుపాకీ ముందుకు తోలినవాడెవడు? డేరాలు మోసినవాడెవడు? బండి కట్టినవాడు, గడ్డి వేసినవాడు, కోళ్లు ఇచ్చినవాడు, నీళ్లు మోసినవాడు ఎవరు? సర్కారీ దౌరాకు ఊరు ఏమేమి అర్పించుకోవలసి వచ్చేదో తెలంగాణా వెట్టి చరిత్ర తెలిసిన ప్రతివానికీ తెలుసు. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' చదివిన విద్యార్థికి నేను వేరే చెప్పనక్కరలేదు. స్వేచ్ఛగా తిరిగే మృగం వెంట పడటానికి మనుషులు కావాలి. ఆ మనుషులు కూలి లేకుండా దొరికారు గనుకనే బయలువేట చవక అయింది. దాని ఖర్చు ఊరి ఒంటిమీద పడ్డది.

పంట సంగతి కూడా ఇటువంటిదే. ప్రభువు షికారు కోసం కాపాడుతున్న జింక రైతు చేలో మేసి పెరుగుతుంది. రైతు దాన్ని కొడితే నేరం. ప్రభువు కొడితే వినోదం. జింకను పెంచింది జొన్నచేను, జింకను అనుభవించింది దర్బారు.

ఇక మన మిత్రులు ఆదర్శంగా చూపే టెక్సాస్ దగ్గరికి వద్దాం. మన కృష్ణజింకను 1930ల ప్రాంతంలో అక్కడికి తీసుకుపోయి వదిలారు. మన నీలగాయిని, అనగా మనుబోతును, అంతకు కొంచెం అటూ ఇటూగా దక్షిణ టెక్సాస్‌లోని కింగ్ రాంచ్‌లో ప్రవేశపెట్టారు. ఆ రాంచ్ విస్తీర్ణం 8 లక్షల ఎకరాలకు పైబడి ఉంటుంది. ఆ రాష్ట్రంలో దాదాపు 95 శాతం భూమి ప్రైవేటు భూమి. బయటి దేశాల నుండి తెచ్చిన ఈ మృగాలకు అక్కడ వేట రుతువు అంటూ లేదు; ఏడాది పొడుగునా కొట్టవచ్చు. దుప్పి కొమ్ములు ఏటేటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ములు రాలవు, మెలితిరిగి నిలిచిపోతాయి. అందుచేత వేట వ్యాపారికి అవి అంగుళాల లెక్కన అమ్ముకోదగిన సరుకు అయినాయి. రాంచ్‌లో ఒక్క మగజింకను కొట్టడానికి రెండు మూడు వేల డాలర్లు, కొమ్ముల పొడుగునుబట్టి అంతకుమించి కూడా, పుచ్చుకుంటారు. అదే దక్షిణ టెక్సాస్‌లో ప్రభుత్వ ఆధీనంలోని వన్యప్రాణి ఆశ్రయ భూములలో నీలగాయి వేటకు పర్మిటు స్వల్ప రుసుముకే దొరుకుతుంది.

ఒకే మృగానికి ఈ రెండు ధరలు ఎందుకు? బహిరంగ భూమిలో పర్మిటు కొన్నవాడు ఎండలో తిరిగి ఉత్తచేతులతో ఇంటికి రావచ్చు. కంచె లోపల ఆ బాధ లేదు. అక్కడ డబ్బిచ్చేవాడు మృగాన్ని కొనడం లేదు, గురి తప్పదనే భరోసాను కొంటున్నాడు. ఆ భరోసా ఇచ్చేది కంచె. కంచెను ఇచ్చేది భూమి. కనుక కంచెవేట ధర పెరిగిన కొద్దీ లాభపడేవాడు భూమి గలవాడు. మృగం కేవలం ఆ భూస్వామ్యానికి రశీదు.

దక్షిణాఫ్రికా చరిత్ర ఈ సంగతిని మరీ బట్టబయలు చేస్తుంది. 1991లో అక్కడ చేసిన చట్టం ప్రకారం తన భూమికి తగినంత కంచె ఉన్నదని సర్టిఫికెట్ పుచ్చుకున్న యజమానికి లోపలి మృగంమీద పూర్తి హక్కు వస్తుంది. ఆ మృగం కంచె దాటి పోయినా హక్కు పోదు. ఎంత చక్కని ఏర్పాటు! కాని ఆ భూములు ఆ యజమానుల చేతికి ఎట్లా వచ్చినాయి? 1913లో అదే దేశంలో చేసిన భూమి చట్టం నల్లజాతి ప్రజలను దేశ విస్తీర్ణంలో సుమారు 7 శాతం భూమికి పరిమితం చేసింది. మొదట మనిషిని కంచె బయటికి తరిమి, ఆ తరువాత మృగాన్ని కంచె లోపలికి తెచ్చారు. మార్కెట్టు మృగాన్ని కాపాడిందని చెప్పే పుస్తకాలు రెండవ అధ్యాయంతో మొదలవుతాయి.

ఎదుటివారి వాదనలో బలమైన అంశం ఒకటి ఉన్నది. దాన్ని దాటవేయడం నాకు ఇష్టంలేదు. పాకిస్తానులో కృష్ణజింక నశించిపోతే, 1970లో అక్కడికి మళ్లీ పంపడానికి జింకలు టెక్సాస్ నుండి వచ్చినాయి. కంచె లోపల మృగం సంఖ్య పెరుగుతుందన్నది నిజం. అయితే కోళ్లఫారంలో కోళ్ల సంఖ్య కూడా పెరుగుతుంది. సంఖ్య పెరగడం వేరు, ఒక జీవి తన బయలులో, తన గడ్డిలో, తన తోడి జీవులతో బతకడం వేరు. జింకను వెంటాడవలసిన చీతా మన దేశంలో లేకుండా పోయిందని 1952లో ప్రకటించారు. చివరి మూడింటిని 1947లో కాల్చింది ఆకలిగొన్న బీదవాడు కాదు, కొరియా సంస్థానపు మహారాజు. చీతాకు ఆ రోజుల్లో ధర లేకనా? రాజుల ఇండ్లలో దానికున్న ఖరీదు ఇంతింత కాదు!

సరే, మన దేశానికి వద్దాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకను మొదటి షెడ్యూలులో పెట్టింది. దాన్ని చంపితే 3 ఏళ్ల నుండి 7 ఏళ్ల జైలు. కనీస జరిమానా 10 వేల నుండి 25 వేలకు పెంచుతూ 2022లో సవరణ వచ్చింది. ఆ 25 వేలు ఫారం హౌసు గేటుకయ్యే ఖర్చు కూడా కాదు. పొట్టకోసం ఉచ్చుపెట్టినవానికి మాత్రం అది కొన్ని నెలల కూలి. జోధ్‌పూర్ దగ్గర 1998లో జరిగిన కృష్ణజింకల వేట కేసులో ఒక హిందీ సినిమా నటునికి దిగువ కోర్టు శిక్ష వేయడానికి 2018 దాకా పట్టింది. ఆయన అప్పీలు చేసుకున్నాడు. ఆ ఇరవై ఏళ్లు పట్టు విడవకుండా నిలబడ్డవాళ్లు జింకకు ధర కట్టిన వ్యాపారులు కాదు, ధరే కట్టని బిష్నోయీ పల్లెజనం. ధర లేనిదాన్ని ఎవరూ కాపాడరనే సూత్రానికి ఇంతకంటే ఏం జవాబు కావాలి?

అయితే చట్టం ఉన్నంతమాత్రాన ఖర్చు మాయం కాలేదు. 1988లో కర్నూలు జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్టకోసం అభయారణ్యం ఏర్పాటు చేశారు. అక్కడ కృష్ణజింకలు పెరిగి చుట్టూ ఉన్న రైతుల చేలమీద పడ్డాయి. నారాయణపేట వైపు కృష్ణానది ఒడ్డు గ్రామాలలోనూ ఇదే మొర. బీహారులో ఈ మొర విని, 2015 డిసెంబరులో నీలగాయిని హానికర మృగంగా ప్రకటించి, 2016 జూన్‌లో మొకామా దగ్గర హైదరాబాదు నుండి వేటగానిని పిలిపించి 200కు పైగా నీలగాయిలను కాల్పించారు. పాఠకులు గమనించాలి: టెక్సాస్‌లో వేల డాలర్ల ఖరీదుచేసే మృగమే మొకామాలో పీడ. మృగం మారలేదు. భూమి ఎవరిదన్నది మారింది. అక్కడ అది భూస్వామి గడ్డి మేస్తుంది, ఇక్కడ చిన్నరైతు పప్పుచేను మేస్తుంది.

ఇప్పుడు చేవెళ్ల, మొయినాబాదు సంగతి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల పరివాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996 మార్చిలో వచ్చిన 111 జీవో 84 గ్రామాలకు వర్తించింది. పరిశ్రమలు, పెద్ద కట్టడాలు కూడదన్నది, సేద్యం చేసుకోవచ్చునన్నది. ఆ సేద్యం ముసుగులోనే ఫారం హౌసులు లేచాయి. నగరానికి కూరగాయలు, పూలు పంపే రైతు తన చెలకను అమ్ముకుని, అదే చెలక గోడకు కాపలాదారు అయినాడు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ కట్టడిని సడలించారు. 2023 మేలో 111 జీవోను పూర్తిగా రద్దుచేయాలని అప్పటి మంత్రివర్గం తీర్మానించింది. ఈ గోడల వెనుక భూమికి ఇంకొక ఉపయోగం వెదుకుతున్న రోజులలోనే జింకల రాంచ్ మాట పుట్టడం యాదృచ్ఛికమని నేను నమ్మను.

ఎందుకంటే రాంచ్ అనేది పది ఇరవై ఎకరాల్లో నడిచే వ్యవహారం కాదు. వందల, వేల ఎకరాలు ఒకేచోట, ఒకే యజమాని కింద కావాలి. మన 1973 నాటి భూపరిమితి చట్టం మాగాణిలో 10 నుండి 27 ఎకరాలు, మెట్టలో 35 నుండి 54 ఎకరాలు దాటి ఒక కుటుంబం ఉంచుకోరాదన్నది. ఆ చట్టాన్ని ఎంత తూట్లు పొడిచినా అది ఇంకా పుస్తకంలో ఉన్నది. కంచెవేటకు అనుమతి అడిగేవాడు జింక పేరుచెప్పి అడిగేది ఆ పరిమితి తీసివేయమని. ఈ ఒక్క మాట మన మిత్రుల లెక్కలో లేదు. కంచే చేను మేస్తుందని మన పెద్దలు ఊరికే అనలేదు.

మరి కంచెలన్నీ చెడ్డవా? కాదు. నగరానికి తూర్పున హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాము సొంత వేటభూమి. 1975లో కృష్ణజింకల ఉద్యానం అయింది, విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు. మొయినాబాదు మండలం చిలుకూరు దగ్గర మృగవని 1994లో జాతీయ ఉద్యానం అయింది. ఈ రెంటికీ కంచెలున్నాయి. కాని టిక్కెట్టు కొనుక్కుని బడిపిల్లవాడు లోపలికి పోగలడు. శాకుంతలంలో దుష్యంతుడు జింకను తరుముతూ వస్తే, ఇది ఆశ్రమమృగం, చంపరాదని తాపసులు అడ్డుపడతారు. హద్దు లోపల ఉన్నదానికి అభయం ఉండాలన్నది ఆ ఘట్టంలోని నీతి. రాంచ్ నీతి దానికి సరిగ్గా తలకిందులు: హద్దు లోపల ఉన్నది గనుకనే చంపవచ్చు.

తెలంగాణాలో పశువుల మేతభూమిని కంచ అంటారు. అది ఊరందరిది. గొర్రె, ఆవు, జింక అందులోనే మేశాయి. కంచ పోయి కంచె వచ్చింది. మిగిలిన కంచలకు కూడా వేలంపాట తప్పడం లేదు. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాలలో చెట్లు కొట్టడాన్ని ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది. అంతకుముందు దానికి అడ్డంగా నిలబడ్డది హైదరాబాదు విశ్వవిద్యాలయ విద్యార్థులు. వాళ్లు జింకకు ధర అడగలేదు. ఆ భూమి ఎవరిదని అడిగారు. అడగవలసిన ప్రశ్న అదే.

మన ప్రబంధాలలో వేటవర్ణన ఒక ఆనవాయితీ. పెద్దన మనుచరిత్రలో స్వారోచి వేటను క్లాసులో పాఠం చెప్పేటప్పుడు శబ్దసౌందర్యం దగ్గర ఆగిపోతున్నాం. ఆ వలలు మోసినవాని కూలి ఎంతని ఒక్క విద్యార్థి చేత అయినా అడిగించడం మన పని. అదే ప్రశ్న నేటి కంచెమీద కూడా వేయించాలి.

జింకనూ రైతునూ నిజంగా కాపాడాలనుకునే వారికి చేయవలసిన పనులు కరువా? మృగం మేసిన పంటకు గ్రామసభ ఎదుట లెక్కకట్టి, ఆ పంట సీజను ముగిసేలోగా పూర్తి నష్టపరిహారం ఇవ్వండి. మిగిలిన కంచలను వేలంపాట నుండి తప్పించండి. ఊరి యువకులనే అటవీ కాపలాకు పర్మనెంటు జీతంమీద తీసుకోండి. గోడల లోపలి భూమిని సర్వే చేయించి, పరిమితికి మించినదెంతో ఊరి చావడిలో చదివి వినిపించండి. ఇవన్నీ అయిన తరువాత కూడా జింకకు ధర కట్టవలసిన అవసరం ఎవరికైనా కనబడితే, అప్పుడు ఆ లెక్క చూద్దాం.