ఒకే ఇంట్లో ఇద్దరు వకీళ్ళు

మొన్న ఉగాదికి కోలారు ఇంట్లో అందరం కలిసినప్పుడు రెండు సినిమాలు చూసినాం. ఒబ్బట్లు తిన్న మధ్యాహ్నం ఒకటి, రాత్రి భోజనాలైనాక ఒకటి. రెండిట్లోనూ మూలకథ ఒకటే. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వకీళ్ళు, ఒకే కేసులో ఎదురెదురుగా నిలబడతారు. మొదటిది బాపు, ముళ్ళపూడి వెంకటరమణల 'రాధాగోపాళం', 2005లో వచ్చింది. రెండోది దానికి ప్రేరణ అని అందరూ చెప్పుకునే అమెరికా సినిమా 'ఆడమ్స్ రిబ్', 1949 నాటిది. ఆదాము ప్రక్కటెముక అని అర్థం. పేరులోనే తగాదా ఉంది.

రెండో సినిమా అయిపోయినాక రాత్రి రెండు దాకా ఎవరూ పడుకోలేదు. నవ్వుకోడానికి తీసిన సినిమా మీద ఇంత వాదన మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. అందుకే పాత ఫొటోలు, ఊరి సంగతులు పక్కన పెట్టి ఈసారి ఇది రాస్తున్నాం.

'రాధాగోపాళం' గురించి పెద్దగా గొడవ రాలేదు. జేజికి నచ్చింది. శ్రీకాంత్, స్నేహ జంట ముచ్చటగా ఉన్నారనింది. స్నేహ కూడా బయటి తెలుగువాళ్ళ పిల్లే, ముంబైలో పుట్టింది, వాళ్ళ కుటుంబం తమిళనాడులో పన్రుట్టిలో స్థిరపడింది అని మేము చెప్తే ఇంకా సంతోషపడింది. మా వయసువాళ్ళకు మాత్రం కథ నెమ్మదిగా నడిచినట్టు అనిపించింది. బాపు బొమ్మలాంటి ఫ్రేములు చూస్తా కూర్చోవచ్చు గానీ, కోర్టులో జరిగే తగాదాకి పదును తక్కువ. పెళ్ళాం గెలిస్తే మొగుడి అహం దెబ్బ తినడం, ఆపైన సర్దుకోవడం. ఇదే ఇద్దరూ 'మిస్టర్ పెళ్ళాం'లో ఇంతకంటే గట్టిగా చెప్పినారని మా అభిప్రాయం.

పదును ఎందుకు తగ్గిందో రాత్రి సినిమా చూసినాక తెలిసింది. అమెరికా కథ అంతా జ్యూరీ మీద నిలబడి ఉంది. మన కోర్టుల్లో జ్యూరీ లేదు, జడ్జి ఒక్కడే. పన్నెండు మంది మామూలు మనుషులను కదిలించాల్సిన వాదనను చట్టం చదివిన ఒక్క మనిషి ముందు పెడితే సగం బలం పోతుంది.

చూడనివాళ్ళ కోసం కథ చెప్తాం. న్యూయార్కులో డోరిస్ అని ఒక ఇల్లాలు, ముగ్గురు పిల్లల తల్లి. మొగుడు ఇంకో ఆమెతో ఉన్నాడని తెలిసి, తుపాకీ కొని, దాంతో వచ్చిన సూచనల కాగితం చదువుకుంటా వాళ్ళున్న చోటికి పోతుంది. కళ్ళు గట్టిగా మూసుకొని కాలుస్తుంది. మొగుడికి గాయమవుతుంది గానీ చావడు. ప్రభుత్వం తరఫున కేసు నడపాల్సింది ఆడమ్, అంటే స్పెన్సర్ ట్రేసీ. ఆ సంగతి తెలిసిన మరుక్షణం డోరిస్ తరఫున వకాలతు వేసేది ఆడమ్ భార్య ఆమండా, అంటే క్యాథరిన్ హెప్‌బర్న్. ఈ ఇద్దరూ కలిసి నటించిన తొమ్మిది సినిమాల్లో ఇది ఆరోది. రాసినవాళ్ళు రూత్ గోర్డన్, గార్సన్ కానిన్. వాళ్ళూ మొగుడూ పెళ్ళాలే. అందుకేనేమో తగాదాల్లో ఒక్క మాట కూడా పుస్తకం మాటలాగా వినపడదు.

ఆమండా వాదన ఇది. పెళ్ళాం తప్పు చేసిందని మొగుడు తుపాకీ ఎత్తితే లోకం అయ్యో పాపం అంటుంది, సంసారం కాపాడుకున్నాడంటుంది. అదే పని ఆడమనిషి చేస్తే జైలు ఎందుకు? జ్యూరీని ఒకసారి డోరిస్‌ను మగవాడిగా, మొగుణ్ణి ఆడదానిగా ఊహించుకోమంటుంది. తెర మీద నిజంగానే వాళ్ళ రూపాలు మారిపోతాయి. జ్యూరీ డోరిస్‌ను వదిలేస్తుంది.

ఇక్కడ మా పెదనాయన లేచినాడు. ముప్పై ఏళ్ళు కోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. "అట్లంటే ఎట్లప్పా? మగాళ్ళను వదిలేసేది తప్పయితే వాళ్ళకూ శిక్ష వేయండి అనాల. ఈమెనూ వదిలేయండి అంటే తప్పు రెండింతలయింది గానీ న్యాయం ఎక్కడయింది?"

మా వదిన ఊరుకోలేదు. నానావతి కేసు తీసింది. 1959లో బొంబాయిలో నౌకాదళం ఆఫీసరు నానావతి, భార్యతో సంబంధం పెట్టుకున్నవాణ్ణి కాల్చి చంపినాడు. జ్యూరీ ఎనిమిది మంది ఒక పక్క, ఒకరు ఒక పక్కగా అతను నిర్దోషి అనింది. "చంపినవాణ్ణి వదిలిన దేశంలో ఉండి, కళ్ళు మూసుకొని కాల్చిన ఆమెకు జైలు కావాలంటావా పెదనాయనా?"

"హైకోర్టు వదల్లేదే! యావజ్జీవం వేసింది. 1961లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది."

"1964లో గవర్నరు క్షమాభిక్ష పెట్టి ఇంటికి పంపించలేదా?"

పెదనాయన దగ్గర దానికి జవాబు లేదు. ఆ కేసు తర్వాత మన దేశంలో జ్యూరీ మెల్లమెల్లగా పోయింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి చోటే లేదు. ఆయన మాత్రం మంచిదే అయింది అంటాడు. ఆమండా లాంటి వకీలు దొరికితే జ్యూరీ ఎటైనా ఒరుగుతుందని ఆయన భయం.

వాదన మాత్రమే చూస్తే మా ఓటు పెదనాయనకే. ఆమండా కోర్టులో కొన్ని పనులు అతిగా చేసింది కూడా. ఆడవాళ్ళు దేంట్లోనూ తక్కువ కాదని చూపించడానికి సర్కసు బలశాలి ఒకామెను సాక్షిగా పిలిపిస్తుంది. ఆమె నిండు కోర్టులో ఆడమ్‌ను పైకెత్తేస్తుంది. అందరూ నవ్వినారు, మేమూ నవ్వినాం. లా కాలేజీలో చదివే మా అన్న కూతురు ఒక్కతే నవ్వలేదు. "అది కేసుకు సంబంధం లేదు కదా, మొగుణ్ణి అవమానించడమే కదా" అనింది. దానికి ఆ పాత్ర మీద గౌరవం ఉన్నందుకే కోపం వచ్చింది.

అదే పిల్ల ఇంకో చోట సినిమా ఆపేసింది. ఇంట్లో ఆడమ్ భార్యకు ఒళ్ళు పడుతూ ఆటగా ఒక దెబ్బ వేస్తాడు. అది ఆట దెబ్బ కాదు, కోర్టు కోపం చేతిలోకి దిగిన దెబ్బ అని ఆమండాకు వెంటనే తెలిసిపోతుంది. మా ఇంట్లో మగవాళ్ళకు తెలియలేదు. రెండుసార్లు వెనక్కి తిప్పి చూపించాల్సి వచ్చింది. మేము కన్నడ మీడియంలో చదివినవాళ్ళం, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుకుంటా చూసినాం కాబట్టి మాట దాటిపోయిందనుకున్నాం. కానీ ఆ సీనులో అర్థం మాటల్లో లేదు, హెప్‌బర్న్ ముఖంలో ఉంది.

కేసు ముగిసేలోపలే ఆడమ్ అలిగి పెట్టె సర్దుకొని పోతాడు. తర్వాత ఒక రాత్రి ఆమండా పక్కింటి పాటల రచయిత ఇంట్లో ఉన్నప్పుడు తుపాకీతో దూరుతాడు. ఆమె భయంతో, నీకు ఆ హక్కు లేదని అరుస్తుంది. ఆడమ్‌కు కావలసింది ఆ మాటే. కోర్టులో ఇన్నాళ్ళూ నేను చెప్పింది ఇదే కదా అంటాడు. ఆపైన తుపాకీ నోట్లో పెట్టుకొని కొరుక్కుతింటాడు. అది మిఠాయి తుపాకీ.

పెదనాయన చప్పట్లు కొట్టినాడు. వదిన లేచి నీళ్ళు తాగను పోయింది. అది మిఠాయి అని ఆడమ్‌కు తెలుసు, ఆమెకు తెలియదు కదా అని ఆమె ప్రశ్న. చట్టం విషయంలో ఆడమ్ చెప్పింది నిజమే. ఆ నిజం ఒప్పించడానికి పెళ్ళాన్ని చావు భయం పెట్టాల్సి వచ్చిందంటే, నోటి వాదన ఓడిపోయిందని ఆయనే ఒప్పుకున్నట్టు. ఆమె సర్కసు తెచ్చింది, ఈయన తుపాకీ తెచ్చినాడు. మా లెక్కలో ఈ రెండూ ఒక తూకానివి కావు. సర్కసుకి ఆడమ్ పరువు పోయింది, అంతే.

ఈ సినిమా పుట్టుక గురించి అన్న కూతురు ఎక్కడో చదివి చెప్పింది. రేమండ్ మాసీ అనే నటుడు, ఆయన భార్య ఏడ్రియన్ ఆలెన్ విడాకులు తీసుకున్నప్పుడు ఇద్దరి తరఫునా వాదించింది మొగుడూ పెళ్ళాలైన విట్నీ వకీళ్ళంట. కేసు అయినాక ఆ వకీళ్ళూ విడిపోయి తలా ఒక క్లయింటును పెళ్ళి చేసుకున్నారు. అందరం పడీపడీ నవ్వినాం. జేజి కూడా నవ్వుతానే, "చూస్తిరా, అందుకే అప్పుడు వద్దంటిమి" అనేసింది.

నవ్వు ఆగిపోయింది. మా చిన్నత్త, చిన్నమామ ఇద్దరూ అక్కడే ఉన్నారు.

చిన్నత్త 1991లో వకీలుగా ఎన్‌రోల్ అయింది. మామ కూడా అదే కోర్టులో ప్రాక్టీసు. 1996లో ఒక భాగాల దావాలో అన్నదమ్ములు మామ దగ్గరికి వచ్చినారు. నెల తిరక్కుండా వాళ్ళ చెల్లెలు, ఆడమనిషి దగ్గరైతే మనసు విప్పి చెప్పుకోవచ్చునని, అత్త దగ్గరికి వచ్చింది. అత్త కాగితాలు చదివి సరే అనింది. ఆ రాత్రి రెండు ఇళ్ళ పెద్దోళ్ళూ కూర్చొని వద్దన్నారు. అత్తగారి ఇల్లే కాదు, మా ఇల్లు కూడా. ఊళ్ళో నవ్వుతారు అన్నారు, పొద్దున కోర్టులో కొట్లాడి సాయంత్రం ఒకే స్కూటరు మీద వస్తారా అన్నారు. అత్త కేసు వెనక్కి ఇచ్చేసింది. ఆ తర్వాత ఎవరూ ఆమెను ప్రాక్టీసు మానమనలేదు. మెల్లగా మామ పిటిషన్లు రాసిపెట్టడం, తడెయాజ్ఞెలకు కాగితాలు సిద్ధం చేయడం ఆమె పని అయిపోయింది. స్టే అనే మాట మా ఇంట్లో ఎవరూ అనరు, తడెయాజ్ఞె అనే అంటారు, ఎక్కువ విన్నది కోర్టు కన్నడమే కదా. కొన్నేళ్ళకు నల్లకోటు వేసుకోవడమే తగ్గిపోయింది.

మేమప్పుడు పిల్లలం. అత్త ఇంట్లో ఉంటే మాకు సాయంత్రం తినడానికి ఏదో ఒకటి ఉండేది కాబట్టి సంతోషపడినాం కూడా.

ఆ రాత్రి పెదనాయన చట్టం మాట తెచ్చినాడు. మొగుడూ పెళ్ళాలు ఎదురుగా వాదించడం నియమాలకు విరుద్ధం కదా అన్నాడు. అత్త మెల్లగా దిద్దింది. జడ్జి దగ్గరి బంధువైతే ఆ కోర్టులో వాదించకూడదని బార్ కౌన్సిల్ నియమం. ఎదుటి వకీలు మొగుడైతే అనే మాట ఆ నియమంలో లేదు. క్లయింట్లకు ముందే చెప్పాలి, ఇంట్లో కేసు మాట ఎత్తకూడదు, కాగితాలు ఎవరివి వాళ్ళు తాళం వేసుకోవాలి. ఇవన్నీ 1996లోనే ఆలోచించి పెట్టుకుందంట. ఎవరూ అడగలేదు.

సినిమా చూసినవాళ్ళు రెండుగా చీలేది ఇక్కడే అని మాకప్పుడు తోచింది. ఆమండా వాదన సరిగ్గా ఉందా అనేది ఒక ప్రశ్న. ఆమెకు ఆ కోర్టులో ఆడమ్ ఎదురుగా నిలబడే హక్కు ఉందా అనేది వేరే ప్రశ్న. మన ఇళ్ళల్లో మొదటిదానికి జవాబు చెప్తూ చెప్తూ రెండోదాంట్లోకి జారిపోతాం. ఆమె వాదన బలహీనం, కాబట్టి ఆమె ఆ కేసు తీసుకోకుండా ఉండాల్సింది అంటాం. బలహీనమైన వాదనతో రోజూ కోర్టుకు పోయే మగ వకీళ్ళు కోలారులో తక్కువేం లేరు. వాళ్ళ ఇళ్ళల్లో రాత్రి పంచాయితీలు జరగవు.

మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. రాసినవాడి తప్పు పట్టి చూపించడమే ఉద్యోగం. రాసినవాడూ మేమూ ఒకే క్యాంటీన్‌లో తింటాం. తప్పు చూపించినందుకు టెస్టరును ఇంటికి పొమ్మనరు. కోపాలు వస్తాయి, పోతాయి. ఆడమ్, ఆమండాలు కూడా మొదట్లో అంతే. కోర్టులో కావాలనే పెన్సిలు కింద పడేసి, బల్ల కింద నుంచి ఒకరినొకరు చూసుకొని నవ్వుకుంటారు. మాకు సినిమా మొత్తంలో అంతకంటే మంచి సీను లేదు. తగాదా వేరు, మనిషి వేరు అని ఆ బల్ల కింద ఇద్దరికీ తెలుసు. అది మరిచిపోయేది ముందు ఆడమే.

చివర్లో ఆడమ్ కన్నీళ్ళు పెట్టుకుంటే ఆమండా కరిగిపోతుంది. ఆ కన్నీళ్ళు కావాలంటే తెప్పించుకోగలనని తర్వాత ఆయనే చేసి చూపిస్తాడు. జేజికి ఆ ముగింపు బాగా నచ్చింది, కలిసినారు కదా అనింది. చిన్నత్త నవ్వింది గానీ ఏమీ అనలేదు. ఆడమ్‌కు జడ్జి పదవికి పోటీ చేసే అవకాశం వచ్చిందనగానే ఆమండా, ఎదుటి పార్టీ అభ్యర్థి ఎవరని అడగడం మాత్రం ఆమెకు నచ్చింది. ఆ సీను మళ్ళీ పెట్టమనింది.

అందరూ లేస్తుండగా మామ అన్నాడు, "ఆ రోజు పెద్దోళ్ళు వద్దన్నారు కదా" అని. అత్త ప్లేట్లు తీస్తా, "నువ్వేమంటివి?" అనింది. మామ సమాధానం చెప్పలేదు.

ఇది రాస్తామని ఇద్దర్నీ అడిగినాం. మామ మర్నాడు పొద్దున కాఫీ దగ్గర "రాయండి" అన్నాడు. అత్త మాత్రం ఒక షరతు పెట్టింది. ఆ దావా ఎవరు గెలిచినారో కూడా రాయాలంట. ఆ చెల్లెలు ఇంకో వకీలును పెట్టుకుంది. గెలిచింది ఆమే.